గోదావరికి ఇటు ఆదివారం, అటు శుక్రవారం

భద్రాచలం రేవులో నిలబడి అవతలి ఒడ్డు చూసినప్పుడల్లా నాకొక సంగతి గుర్తొస్తుంది. 1948 వరకూ ఈ నది రెండు ప్రభుత్వాల మధ్యే కాదు, రెండు సెలవుల మధ్య కూడా హద్దు. 1874లో భద్రాచలం తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలో చేరింది. ఇక్కడి కచేరీలకు ఆదివారం సెలవు. పడవెక్కి బూర్గంపాడు వైపు దిగితే నిజాం ఇలాకా, అక్కడ సెలవు శుక్రవారం. పోలీసు చర్య తర్వాత అవతలి శుక్రవారం పోయింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసేనాటికి రెండు ఒడ్లకూ ఒకటే వారం. ఏ మతం వాళ్ల రోజున పని ఆగాలో ఏలేవాళ్లే నిర్ణయించారు.

ఈ రెండు సెలవులూ అడవిలో ఆడవాళ్ల దాకా రాలేదు. కోయలకు తమవైన పండుగలున్నాయి. విత్తనాల పండుగ కాకుండా విత్తు వేయరు. మగవాళ్లు వేటకు వెళతారు, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడ కొట్టి ఆటపట్టిస్తారు. ఈ కట్టుబాటుకు ఏ ప్రభుత్వ చట్టమూ అక్కర్లేకపోయింది. అలాగని దాన్ని చూసి మరీ మురిసిపోలేను. ఆ రోజు కూడా నీళ్లు మోసేదీ, వండేదీ ఎవరు? మన ఇళ్లలో ఆదివారం మాత్రం ఏమిటి, ఇంకో రెండు కూరలు ఎక్కువ!

మరి మతం ఇచ్చిన విశ్రాంతి దినాన్ని చట్టం అమలు చేయాలా? అమెరికా సుప్రీంకోర్టు 1961లో ఆదివారం చట్టాలను, వాటి ప్రయోజనం ఇప్పుడు మతం కాదు విశ్రాంతి అంటూ నిలబెట్టింది. కెనడా సుప్రీంకోర్టు 1985లో అలాంటి చట్టాన్నే మత స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేసింది. నా మనసు కెనడా వైపు మొగ్గుతుంది. కానీ బొంబాయి మిల్లుల చరిత్ర నన్ను ఆపుతుంది. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి కార్మికుల వారపు సెలవు కోసం పోరాడాడు. ఆదివారం ఖండోబా దేవుడి రోజు అన్నది ఆయన వాదనల్లో ఒకటి. 1890లో మిల్లులకు ఆదివారం సెలవు వచ్చింది, 1891 ఫ్యాక్టరీ చట్టం దాన్ని రాతలో పెట్టింది. దొరల చర్చి రోజును కార్మికులు తమ దేవుడి పేరుతో అడిగి తీసుకున్నారు. అంటే పేరు దేవుడిదైనా, గెలిచింది కార్మికులు.

'ఎవరికి నచ్చిన రోజు వాళ్లు మానుకోవచ్చు' అంటే వినడానికి బాగుంటుంది. ఒక వేసవిలో చర్ల దగ్గర తునికాకు కల్లానికి వెళ్లాను. ఆదివారమే. ఆకు కోసే ఆవిడ తెల్లారకముందే అడవికి పోయి, మధ్యాహ్నం యాభై ఆకులకో కట్ట కడుతూ కూర్చుంది. 'వారానికో రోజు మానుకోరా?' అని తెలివితక్కువగా అడిగాను. 'మానితే ఆకు ముదిరిపోదా మేడమ్?' అంది, తలెత్తకుండానే. కట్టల లెక్కన కూలి. మానిన రోజుకు కట్టలు లేవు, కూలీ లేదు. ఆవిడకు నచ్చిన రోజు ఎంచుకునే స్వేచ్ఛ నిండుగా ఉంది మరి.

1948 కనీస వేతనాల చట్టం ఏడు రోజుల్లో ఒక రోజు విశ్రాంతి, ఆ రోజుకు కూలీ కూడా ఉండాలంది. 1971 చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. యజమాని ప్రభుత్వమే అయినా విశ్రాంతి రోజు కూలి గురించి ఆ కల్లం దగ్గర ఎవరూ విన్నట్టు లేదు. నాకు ఆదివారమైనా శుక్రవారమైనా పట్టింపు లేదు. చట్టం ఏ దేవుడి పేరూ చెప్పకపోతే మంచిదే. కానీ అందరికీ కలిపి ఒకే రోజు పెట్టకపోతే, మానిన మనిషి ఒంటరిదైపోతుంది, పక్క మనిషి కట్టలు పెరుగుతాయి. ఆ రోజుకు కూలి ఇవ్వకపోతే అది సెలవు కాదు, పస్తు.

కట్టలు లెక్కపెట్టడానికి కల్లందారు రాగానే ఆవిడ లేచి వరసలో నిలబడింది. చీకటి పడకముందే ఇంటికెళ్లి పొయ్యి రాజేయాలంది.