తోడేలు తల, పులుల బిడ్డ

పదమూడవ శతాబ్దపు ఇంగ్లండులో మనిషి తోడేలుగా మారే కథతో రాబర్ట్ ఎగర్స్ దర్శకత్వం వహించిన భయానక చిత్రం 'వెర్‌వుల్ఫ్' 2026 డిసెంబరు 25న విడుదల కానున్నదని ప్రకటన వెలువడింది. చూడని చిత్రాన్ని విమర్శించడం భావ్యం కాదు. కాని ఆ శతాబ్దాన్నే ఎంచుకోవడం మాత్రం ఆలోచింపజేస్తున్నది.

ఆ కాలపు ఇంగ్లండులో తోడేలు కేవలం జంతువు కాదు, న్యాయపరిభాషలో ఒక మాట కూడా. కచేరీకి పిలిస్తే రాక అడవిపట్టినవాడిని చట్టానికి వెలిచేసి, వాడు 'తోడేలు తల' మోస్తున్నాడనేవారు. తోడేలును కొట్టినట్లే వాడిని కొట్టవచ్చునని భావం. నిజమైన తోడేళ్ల సంగతంటారా, పశ్చిమ మండలాలలో వాటిని నిర్మూలించడానికి మొదటి ఎడ్వర్డు 1281లో పీటర్ కార్బెట్ అనే వేటగానిని నియమించాడు. ఇక అడవి రాజుగారిది. అందులో జింకను కొట్టినవాని ప్రాణంగాని అవయవంగాని తీయరాదని 1217 నాటి అటవీ శాసనపత్రం ప్రత్యేకించి చెప్పవలసి వచ్చింది. అంతకుముందు ఏం జరుగుతుండేదో వేరే చెప్పాలా? తరువాతి కాలంలో ఈ పోలిక ఏకంగా నేరారోపణ అయింది. 1589లో జర్మనీలోని బెడ్బుర్గులో ఒక రైతును, తోడేలుగా మారి మనుషులను తిన్నాడని, చిత్రహింసలు పెట్టి చంపారు.

ఆ పదమూడవ శతాబ్దం చివర మన గడ్డమీద ప్రతాపరుద్రుడు రాజ్యానికి వచ్చాడు (1289-1323). మేడారం కథను జనం ఆ కాలానికే ముడిపెడతారు. మేడారం 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరింది. వేటకు పోయిన కోయలకు అడవిలో పులుల నడుమ ఆడుకుంటూ ఒక పసిపిల్ల దొరికింది. ఆ పిల్లే సమ్మక్క. ఇంగ్లండువారి కథలో మృగం సహవాసం శాపమైతే, కోయల కథలో అది మహిమ. జనగామ, మహబూబాబాదు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని పోయి, నిలువెత్తు బెల్లం తూచి, ఆ బెల్లాన్నే 'బంగారం' అని సమర్పించుకున్న తరాలకు ఆ తల్లి పులుల బిడ్డ అనడంలో భయమేమీ కనిపించలేదు.

అంతకన్న ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. కోయల కథ కప్పాన్ని మరచిపోలేదు. కరువు వచ్చింది, కప్పం కట్టలేమన్నారు, కాకతీయ సైన్యం వచ్చింది, జంపన్న వాగులో ఒరిగిపోయాడు, సమ్మక్క చిలకలగుట్టమీద అదృశ్యమైంది. ఈ కథకు శాసనాధారం లేదని కొందరు పండితులు పెదవి విరుస్తారు. శాసనం చెక్కించేది కప్పం పుచ్చుకున్నవాడు గదా, కట్టలేనివాడు కాదు! కథలోని ప్రతి ఘట్టమూ జరిగిందని నేననడం లేదు. యుద్ధానికి మూలం పన్ను అని ఒక జాతి ఏడు వందల ఏళ్లుగా గుర్తుపెట్టుకున్నదంటే అదీ చరిత్రకు ఆధారమే. యూరపు తోడేలు మనిషి కథలో ఆ మూలం చెరిగిపోయి వట్టి కోరలు మాత్రం మిగిలాయి.

ఆ చెరిపివేత ఇప్పుడు మన అడవిలోనూ సాగుతున్నది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత ఊళ్లు కాలి, ప్రాణభయంతో గోదావరి దాటివచ్చిన గొత్తికోయలు భూపాలపల్లి, ములుగు అడవులలో గుడిసెలు వేసుకున్నారు. ఎందుకు వచ్చారన్నది పోయి, 'ఆక్రమణదారులు' అన్న మాట ఒక్కటే కాగితాలలో నిలిచింది. అటవీహక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందునుంచీ ఆ భూమిలో ఉన్నవారికే అది పట్టా ఇస్తుంది.