బువ్వ తిన్నవా అని అడిగిన సారు

ఇటు మంట కాడికి జరుగు బిడ్డా, చలి పెడ్తున్నది. డీఎస్సీ కొట్టినవు, ఆర్డరు చేతికొచ్చింది, సోమారం సంది నువ్వు పంతులమ్మవు. పాఠం ఎట్ల చెప్పాల్నో నాకంటె నీకే ఎరుక. పిల్లలను ఎట్ల అర్సుకోవాల్నో మాత్రం నేను జెప్త, ఇను.

మా కాలంల పుట్టినరోజు కాయిదం ఎవ్వలకు లేకుండె. కుడిచెయ్యి తల మీదికెల్లి తిప్పి ఎడమ చెవి అందుకోమనేది. అందితే ఐదేండ్లు నిండినట్టు! తారీకు సారే రాసుకునేది. అందుకే నా ఈడోల్లు శానమంది కాయిదాల్ల జూన్, జులై నెలల్లనే పుట్టిన్రు.

బడి అంటే ఒకటే అర్ర, ఒకటే సారు. ఒకటి నుంచి ఐదు దాక అందరం అండ్లనే. సారు నాలుగోదోల్లకు లెక్కలు చెప్తుంటే ఐదోదోడు మాకు గుణింతం దిద్దించేది. పలక నల్లగుండాల్నని బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి రుద్ది, ఎండకు పెట్టేది. ఆరినంక బలపంతోని రాస్తే అచ్చరం తెల్లగ మెరిసేది. ఎక్కాలైతే నిద్రల లేపి అడిగినా ఆగకుంట చెప్పేటోల్లం.

అట్లని ఆ బడి అంత బంగారమనుకోకు. ఈత బరిగె, తొడపాశం, గోడకుర్చీ, కోదండం. కోదండమంటే దూలానికి కట్టిన తాడు పట్టుకొని ఏలాడుడు. చెయ్యి జారితే కాల్ల మీద బరిగె పడేది. ఆ దెబ్బలకే బడి ఇడిసి పసుల కాడికి పోయినోల్లు ఎందరో! కొన్ని వాడల పిల్లలనైతే అర్ర బయటనే కూసోబెట్టేది. నీల్లు దోసిట్ల పోసేది, చెంబు ముట్టనియ్యకపోయేది. బయట కూసున్నోనికి అచ్చరం ఎట్లొస్తది?

తర్వాత సైకిల్ మీద ఒక బక్క సారు వచ్చిండు. వచ్చిన నాడే బయటోల్లను లోపటికి పిలిచి ముందటి వరుసల కూసోబెట్టిండు. ఊరి పెద్దలు లొల్లి చేసిన్రు. "ఇది సర్కారు బడి, ఎవ్వలి ఇల్లు కాదు" అన్నడు, అంతే. పొద్దుగాల పేర్లు పిలిచేటప్పుడు తలకాయ లేపి ఒక్కొక్కని మొకం చూసేది. మొకం వాడిపోయుంటే "బువ్వ తిన్నవా?" అని అడిగేది. తినకుంటే జేబులకెల్లి ఇన్ని పుట్నాలు, బెల్లం ముక్క తీసిచ్చేది. ఎవ్వడన్న రెండొద్దులు రాకపోతే మూడోనాడు మాపటికి వాని వాకిట్ల సైకిల్ ఆగేది. ఒక పిల్లగాన్ని అప్పు కింద జీతముంచితే, వాల్ల నాయిన ఎంబడి పడి పడి మల్ల బడికి తోల్కొచ్చిండు. టీకాలోల్లు వస్తే మేమంత గోడ దుంకి ఉరికేది; సారు ముందుగాల తన చెయ్యే చాపిండు. అట్ల ఊరూర టీకాలేస్తేనే గదా, 1975 తర్వాత దేశంల పెద్దమ్మవారు మల్ల కనబడలే.

ఆ సారు ఒక్కడు చేసిన పనినే మన రంగారెడ్డి జిల్లాల 1991 సంది శాంతా సిన్హా మేడం, ఎంవీ ఫౌండేషనోల్లు ఊరూర చేసిన్రు. పసుల కాడి పిల్లలను, జీతమున్న పిల్లలను తెచ్చి, శిబిరంల కొన్నాల్లు చదివిపిచ్చి, ఈడుకు తగ్గ తరగతిల కూసోబెట్టిన్రు. బీదోల్లు పిల్లలను చదివియ్యరన్న మాట అబద్ధమని చూపెట్టిన్రు. 2003ల ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

అన్నం ముచ్చట ఇంకొకటి. 1995 సంది బడికొచ్చే పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యమని పెట్టిన్రు, అదీ హాజరు నూటికి 80 ఉంటేనే. ఆ బియ్యం ఇంటందరి కుండలకు పోయేది. 2001ల సుప్రీంకోర్టు బడిల్నే వండి పెట్టుమన్నది. 2003 సంది మనకాడ మధ్యాహ్నం అన్నం మొదలైంది. చిన్న తరగతులోల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం. 2009ల వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టొద్దన్నది, 30 మందికి ఒక టీచరుండాలన్నది. మా సారుకు ఇవేవీ లేకుండె బిడ్డా, నీకు అన్నీ ఉన్నయి.

అయితే సర్కారు బియ్యమిస్తది, ఎవ్వలు తినలేదో చూడది. చట్టం బరిగె గుంజుకుంటది, భయం పోగొట్టది. ఆ రెండూ నీ పనులే. పిల్లలకంటె ముందు అన్నం నువ్వు నోట్లె పెట్టుకొని చూడు. బోర్డు కానరాక కండ్లు చికిలించే పిల్లను ముందటికి జరిపి, కండ్ల డాక్టరుకు చూపియ్యమని తల్లికి చెప్పు. ఐదోది చదువుతున్నా రెండోది పుస్తకం చదవరానోల్లుంటరు. వాల్లను మొద్దులనకు, దగ్గర కూసోబెట్టుకొని అచ్చరాల కాడి నుంచి చెప్పు. రిజిస్టర్ల ఆబ్సెంటు గీత గీసుడు ఎవ్వలైన చేస్తరు. నువ్వు మాత్రం రాని పిల్ల ఇల్లెక్కడో కనుక్కొని, అదే మాపటికి పోయి రా.