కదిలే చదరంగం పటం

ఆటలో ఒకానొక స్థితిని పుస్తకంలోనో పత్రంలోనో చూపే 64 గళ్ల బొమ్మ చదరంగం పటం. చదువరి ఆ బొమ్మ మీదే పావులు జరిపి, ఎత్తు వేసి, మళ్లీ వెనక్కి తీసుకోగలిగితే అది కదిలే పటం. వర్డ్ ప్రాసెసర్లో ఇలాంటివి తయారుచేయడం ఈమధ్యదే గానీ, ఆ కోరిక చాలా పాతది. అచ్చు పటం ఒక్క క్షణాన్నే చూపుతుంది. దాని కింద రాసిన పది ఎత్తులూ చదివేవాడి మనసులో జరగాలి, లేదంటే పక్కన బల్ల పరుచుకోవాలి. ఒక చేత్తో పుట అదిమిపట్టి, రెండో చేత్తో గుర్రాన్ని జరిపి, వేరే ఎత్తు ఏమవుతుందో చూసి వచ్చేసరికి అసలు ఏ పావు ఎక్కడుండేదో మరిచిపోవడం పుస్తకం పట్టుకుని ఆట నేర్చుకున్న ప్రతివారికీ అనుభవమే.

నడిపిస్తూ చదివే పటానికి మన దగ్గర అందమైన ఉదాహరణ ఉంది. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు తన కావ్యాలంకారంలో తురగపద బంధాన్ని చూపాడు. 32 అక్షరాల శ్లోకాన్ని వరుసకు 8 చొప్పున 4 వరుసల్లో, అంటే సగం బల్ల మీద పరిచాడు. మామూలుగా చదివినా, గుర్రం దూకే తీరులో గడి గడికీ వెళ్లి చదివినా అదే శ్లోకం వస్తుంది. తర్వాత వేదాంత దేశికులు పాదుకాసహస్రంలో ఇంకా కష్టమైన పని చేశారు: ఒక శ్లోకాన్ని గుర్రం నడకతో చదివితే దాని తర్వాతి శ్లోకం తయారవుతుంది. ఇక్కడ పటం మీద పావే లేదు. చదువరి వేలే గుర్రం.

యూరప్‌లో పటాలు మొదట ఆటను చూపడానికే పుట్టాయి. కాస్టీల్ రాజు 10వ అల్ఫోన్సో 1283లో సెవిల్‌లో పూర్తిచేయించిన ఆటల గ్రంథంలో 103 చదరంగం సమస్యలున్నాయి. దాని చిత్రాల్లో ఆటగాళ్లు చెరోపక్కన కూర్చుని ఉంటే, మధ్యలో బల్ల మాత్రం మనవైపు నిలువుగా తిరిగి ఉంటుంది. చిత్రకారుడు కంటికి కనిపించే తీరును పక్కనపెట్టి చదువరి పక్షాన నిలిచాడన్నమాట. 1497లో సలమంకాలో అచ్చయిన లుసెనా పుస్తకంలో 150 సమస్యలున్నాయి.

ఎత్తును రాసే పద్ధతి కుదరనిదే పటం కదలదు. అలెప్పో నుంచి వచ్చిన ఫిలిప్ స్టామా 1737లో పారిస్‌లో అచ్చువేసిన పుస్తకంలో నిలువు వరుసలకు అక్షరాలు, అడ్డ వరుసలకు అంకెలు వాడి ప్రతి గడికీ ఒక పేరిచ్చాడు. 1883లో స్కాట్లాండ్ పాత్రికేయుడు డేవిడ్ ఫోర్సైత్ మొత్తం స్థితినే ఒక వాక్యంలా రాసే దారి చూపాడు: పావులకు అక్షరాలు, వరుసగా ఉన్న ఖాళీ గళ్లకు ఒక అంకె. దీన్నే కంప్యూటర్లకు సరిపడేలా స్టీవెన్ ఎడ్వర్డ్స్ విస్తరించాడు. ఎత్తు ఎవరిది, క్యాస్లింగ్ హక్కు ఇంకా ఉందా వంటివీ ఆ వాక్యంలో చేరాయి. పటాన్ని ఎంతసేపు చూసినా ఇవి తెలియవు.

భాషల చిక్కు వేరే ఉంది: పావుల పేర్లు భాషభాషకూ మారతాయి. మనకు ఏనుగు మూలన నిలబడి తిన్నగా నడుస్తుంది. రష్యన్లు ఏనుగు అనే మాటతో పిలిచేది ఐమూలగా నడిచే పావును, అంటే మన ఒంటెను. దీన్నే కొందరు శకటు అంటారు. అందుకే 1966లో బెల్‌గ్రేడ్‌లో మొదలైన చెస్ ఇన్ఫర్మేటర్ అనే చదరంగం ప్రచురణ పేర్ల బదులు పావుల బొమ్మలతోనే ఎత్తులు అచ్చువేసింది.

వర్డ్ ప్రాసెసర్‌లోకి పటం ఫాంట్ రూపంలో వచ్చింది. 1990లలో అర్మాండో మరోకిన్ తయారుచేసిన మెరీడా ఫాంట్‌లో పావులు కీబోర్డు మీద జంటలుగా కూర్చున్నాయి. తెల్ల రాజు ‘కె’ మీద ఉంటే నల్ల రాజు పక్కనే ‘ఎల్’ మీద, తెల్ల గుర్రం ‘ఎన్’ మీద, నల్ల గుర్రం ‘ఎమ్’ మీద. చిన్న అక్షరం కొడితే పావు తెల్ల గడిలో, పెద్ద అక్షరం కొడితే నల్ల గడిలో పడుతుంది. ఎనిమిది అక్షరాలు కొడితే ఒక వరుస, ఎనిమిది వరుసలకు బల్ల సిద్ధం. గుర్రం ప్రతి దూకులోనూ గడి రంగు మారుస్తుంది కాబట్టి దాని అక్షరం ప్రతిసారీ చిన్నది పెద్దదవుతుంది, పెద్దది చిన్నదవుతుంది. ఒంటె అక్షరం ఆట చివరిదాకా మారదు. ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే మాత్రం బల్ల మొత్తం అర్థంలేని అక్షరాల గుంపుగా మిగులుతుంది. ఫాంట్‌ను పత్రంలోనే పొదిగి పంపడం దీనికి మందు.

ఈ బల్లను కదిలించినవి మాక్రోలు, అంటే పత్రంలోనే ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రాములు. వాటిని రాసే విజువల్ బేసిక్ భాష వర్డ్ 97తో వర్డ్ పత్రాల్లోకి వచ్చింది. బొత్తాం నొక్కితే మాక్రో పాత గడిలో ఖాళీ గడి గుర్తు పెట్టి, కొత్త గడిలో పావు అక్షరం రాస్తుంది. పాఠం, పటం, ఎత్తులు ఒకే కాగితం మీద కలిసి ఉండటం దీని గొప్పతనం. కానీ మాక్రోలు వైరస్‌లకూ దారయ్యాయి. 1999లో మెలిస్సా అనే వైరస్ వర్డ్ పత్రాల ద్వారానే వ్యాపించింది. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన పత్రాల్లోని మాక్రోలను ముందుగానే ఆపేయడంతో, గురువు మెయిల్లో పంపిన పాఠం శిష్యుడి దగ్గర కదలడం మానేసింది.

మాక్రో అక్కర్లేని పద్ధతే ఇప్పటికీ నమ్మకమైనది. ఎనిమిది వరుసలు, ఎనిమిది నిలువు వరుసల టేబుల్ గీసి, గడి విడిచి గడికి రంగు వేస్తారు. యూనికోడ్‌లోని 12 పావుల గుర్తులను అందులో పెడతారు. ఈ గుర్తులకు గడి రంగు అంటదు కాబట్టి ఏ గడిలోకైనా మౌస్‌తో లాగి వదలవచ్చు. ఎదుటి పావును చంపాలంటే ముందు దాన్ని తుడిచేయాలి. తప్పు ఎత్తయితే కంట్రోల్ నొక్కి ‘జెడ్’ కొడితే పావు వెనక్కి వస్తుంది. నియమాలు చూసుకునే బాధ్యత ఆడేవాడిదే. నేర్చుకునేవారికి అదీ మేలే. కొన్ని ఫోన్లలో నల్ల బంటు ఒక్కటే ఎమోజీగా మారి మిగతా పావులకన్నా లావుగా కనిపిస్తుంది. 2018లో ఎమోజీల జాబితాలోకి ఆ ఒక్క గుర్తునే చేర్చారు. దాని వెంట బొమ్మగా కాక అక్షరంగా చూపమనే కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు చేరిస్తే, దాన్ని పాటించే చోట్ల బంటు మళ్లీ తన వరుసలో ఒదుగుతుంది.