చుక్కల కథ: ఆలూరు నుంచి డేటాబేస్ దాకా

కొన్నేళ్ళ క్రితం మా టీము ఒక పాత ప్రోడక్టుని అటకెక్కించి కొత్తది కట్టే పనిలో పడింది. పాత డేటా అంతా కొత్త టేబుళ్ళలోకి తేవాలి. ఒక కాలమ్‌లో వేల వరుసల్లో ఉత్త చుక్క ఉంది. డిజైన్ డాక్యుమెంటులో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఆ కోడు రాసినాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. రిలీజు దగ్గరపడింది కదా అని, చుక్కంటే "విలువ లేదు" అని మేమే తీర్మానించేసి ఖాళీ పెట్టేశాం. మూడు నెలలకి గానీ తెలీలేదు, చుక్కంటే "ఇంకా తేలలేదు, కస్టమర్‌ని అడగాలి" అని. ఈలోపు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఈ గొడవ ఇంట్లో చెబితే మా నాన్న నవ్వారు. "మన ఆలూరు తాలూకాఫీసు కతే కదప్పా ఇది" అన్నారు.

నిజమే. చుక్కల భూముల సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. బ్రిటిషు కాలంలో రీసెటిల్మెంటు జరిగినప్పుడు, పొలం ఎవరిదో తేలని చోట పట్టాదారు పేరు బదులు చుక్కలు పెట్టారు. ఆ రిజిస్టరే ఆర్.ఎస్.ఆర్., ఇప్పటికీ రెవెన్యూ వాళ్ళకి అదే మూలం. రాసినవాడి ఉద్దేశం "ఇంకా తేలలేదు". వందేళ్ళ తర్వాత చదివినవాడు "పేరు లేదంటే సర్కారుదే" అనుకున్నాడు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధ జాబితాలోకి ఎక్కించేశారు. తాతల నాటినుంచి దున్నుకుంటున్న రైతు అమ్ముకోలేడు, బ్యాంకులో పెట్టలేడు. చివరికి 2017లో దీనికోసం ఏకంగా ఒక చట్టం చెయ్యాల్సొచ్చింది, పన్నెండేళ్ళు పైబడి అనుభవంలో ఉంటే పేరెక్కించొచ్చని. 2023లో రెండు లక్షల ఎకరాల పైచిలుకు ఆ జాబితాలోంచి తీశారు.

అసలు మొదట్నుంచీ చూద్దాం. 1800లో నిజాం మా సీమని కంపెనీకి దత్తం చేశాడు. ఆదోని, ఆలూరు అన్నీ అందులోవే. ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. అప్పటికున్న లెక్కలన్నీ కరణాల దగ్గర. కొన్ని తాటాకుల మీద, కొన్ని కడతాల మీద. కడతం అంటే చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించిన మడతల గుడ్డ. బలపంతో రాస్తారు, కావాలంటే తుడిచి మళ్ళీ రాస్తారు. ఆడిట్ లాగ్ లేని డేటాబేసన్నమాట!

మన్రో దాన్ని గుడ్డిగా నమ్మలేదు, అలాగని పారెయ్యనూ లేదు. 1802 నుంచి పొలం పొలం 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. గొలుసంత చదరం ఒక గుంట, నలభై గుంటలు ఎకరం. రేట్లు కట్టేటప్పుడు రెడ్లనీ, కరణాలనీ, రైతుల్నీ ఊర్లోనే కూర్చోబెట్టి అడిగించాడు. నాకు నచ్చింది ఈ అడగడమే.

(గుంటలంటే గుర్తొచ్చింది. తర్వాత మా వైపు సెంట్లొచ్చాయి, తుంగభద్ర దాటి గద్వాల వైపు గుంటలే మిగిలాయి. అక్కడ 10.20 అంటే పదెకరాల ఇరవై గుంటలు, అంటే పదిన్నర. మాకు పదెకరాల ఇరవై సెంట్లు. రెండిటినీ ఒకే డెసిమల్ కాలమ్‌లో వేసే ప్రోగ్రామరు ఎక్కడో ఉండే ఉంటాడు, పాపం.)

మన్రో తప్పులు చెయ్యలేదని కాదు. రేట్లు మరీ ఎక్కువ పడ్డాయి. నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే రాశాడు. అది అమలైంది 1820లో, ఆయనే మద్రాసు గవర్నరై వచ్చాక. బగ్గు కనిపెట్టినవాడే పదమూడేళ్ళ తర్వాత ప్యాచ్ వేసుకున్నాడు. ఇంకో పెద్ద లోటు, కొలతలు రాశారు గానీ పటాలు గీయలేదు. ఏ గట్టు ఎందుకు వంకర తిరిగిందో కరణం బుర్రలోనే ఉండిపోయింది.

1953లో ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి ఆంధ్రకొచ్చి కర్నూల్లో కలిశాయి. కాగితాలు జిల్లా మారాయి, కరణం మాత్రం ఊర్లోనే ఉన్నాడు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆ పదవులే తీసేసింది. వంశపారంపర్యంగా ఊర్లని పీడించిన కరణాలు తక్కువేం కాదు, వాళ్ళకోసం నేను ఏడవను. కానీ నోటీస్ పీరియడ్ లేదు, కేటీ లేదు! చాలా ఊర్ల లెక్కలు వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయాయి.

సరిహద్దు అవతల కర్ణాటక వాళ్ళు "భూమి" ప్రాజెక్టు చేసినప్పుడు, ఎక్కించిన ప్రతి రికార్డూ ప్రింటు తీసి ఊరి అకౌంటెంటు చేత సరిచూపించి సంతకం పెట్టించారు. ఆ తర్వాతే చేతిరాత పహాణీలు చెల్లవన్నారు. మేం బళ్ళారిలోనే ఉండుంటే ఎలా ఉండేదో! మా దగ్గర 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే మొదలైంది, పాత సర్వే నంబర్ల బదులు ఎల్.పి.ఎం. నంబర్లొచ్చాయి. గట్టు ఎక్కడుందో డ్రోనుకి బాగానే కనబడుతుంది. ఎందుకుందో దాన్ని అడిగి లాభం లేదు.

తర్వాతి రిలీజుకి మేం కోడు చదవడం కాసేపు ఆపి, రిటైరైన సపోర్టాయన్ని రెండ్రోజులు కూర్చోబెట్టుకున్నాం. ప్రతి కాలమ్‌కీ ఒకటే ప్రశ్న, ఇదెందుకు? పదకొండు కాలమ్‌లకి జవాబు దొరికింది, నాలుగింటికి దొరకలేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు నాన్న ట్రంకు పెట్టె తెరిపించి, పొలం కాగితాలు ఒక్కొక్కటీ చూపిస్తూ అదే అడిగాను, ఫోన్లో రికార్డు చేసుకుంటూ. మొదటి రెండూ గడగడా చెప్పారు. మూడోది అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది మీ తాతకే తెలుసప్పా" అన్నారు.