చెడిన బండిని లాగు బండి



నేడు మీ యెదుట నొక లారీ చరిత్రమును చెప్పదలచితిని. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, కావ్యములును వ్యాకరణమును తప్ప వేఱు పాఠము చెప్పి యెఱుగని వానికి యంత్రముల ప్రసంగమేల యని మీలో గొందఱు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానము ప్రసంగాంతమున మీకే తోచును.

దారిలో చెడిపోయిన కారు ముందరి చక్రములను పైకెత్తి, దానిని వెనుక గట్టుకొని పోవు లారీని మీరు చూచియే యుందురు. దాని వీపున నొక యినుపచేయి యుండును. ఆ చేతికొనయందు మన నూతిగిలకవంటి గిలక, గిలకపై నుక్కుత్రాడు, త్రాటికొనను కొక్కెము. పట్టణములందు దీనిని టోయింగు లారీ యందురు. అమెరికావారు రెక్కరు అందురు.

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ 1886వ సంవత్సరమున తన మోటారుబండికి పేటెంటు పొందెను. అటుపిమ్మట చాలకాలము బండి గోతిలో బడినచో గుఱ్ఱములను, మోకులను, మనుష్యుల భుజములను నమ్ముకొనవలసినదే. మన బండ్లు రేగడినేలలో దిగబడినప్పుడు మనమేమి చేయుదుమో వారును అదియే చేసిరి. ఈ స్థితి మాఱుటకు కారకుడైనవాడు, తెలిసియో తెలియకయో, ఒక యుపాధ్యాయుడు.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రమున చట్టనూగా అను పట్టణము కలదు. అందు ఎర్నెస్టు హోమ్స్ అనునతడు మోటారు మరమ్మతుశాల నడపుచుండెను. అతనికి వ్యాపారపాఠశాలలో చదువు చెప్పిన గురువు జాన్ వైలీ. 1916లో ఆ గురువుగారి ఫోర్డుకారు ఏటిలో దొర్లిపడెను. ఆయన పూర్వశిష్యునకు కబురంపెను. శిష్యుడు మనుష్యులను వెంటబెట్టుకొని, మోకులును దుంగలును కొనిపోయి, గంటలకొలది శ్రమించి కారును గట్టునకు చేర్చెను. పని ముగిసినది గాని, ఆ శ్రమ యతని మనస్సును విడువలేదు. ఇంటికి వచ్చి, 1913 నాటి కాడిలాక్ కారు చట్రముపై మూడు కంబములు నిలిపి, గిలకయు గొలుసును అమర్చెను. మొదటి యమరికకు నిలుకడ చాలలేదు. అందువలన నిరుప్రక్కల నేలకానునట్లు ఊతకాళ్ళు చేర్చెను. పిదప పేటెంటు పొంది, ఇట్టి యంత్రములను చేయించి యితర మరమ్మతుశాలలవారికి అమ్మదొడగెను.

రానురాను హోమ్స్ యంత్రమునకు ఒకటికి మాఱుగా రెండు చేతులు వచ్చినవి. ఒక చేతి త్రాడు పడిన బండిని లాగుచుండగా, రెండవ చేతి త్రాటిని అవతలి ప్రక్కనున్న చెట్టునకు గట్టుదురు. అప్పుడు లాగెడి లారీ తాను దొర్లిపోక నిలుచును. రెండవ ప్రపంచయుద్ధకాలమున డైమండ్ టి అను సంస్థ అమెరికా సైన్యమునకు చేసిన బరువులారీలపై నీ రెండుచేతుల యంత్రమునే అమర్చిరి. చట్టనూగాలోనే 1995లో ఈ బండ్ల చరిత్రకొక ప్రదర్శనశాలయు వెలసినది.

ఇదియంతయు నాకెట్లు తెలిసినదో చెప్పెదను. నా మనుమడు డైమండ్ టి లారీ నమూనా నొకదానిని తెప్పించుకొనెను. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుండును. వానిని అతికి రంగు వేయవలయును. అసలు బండిలో ముప్పదియైదు అంగుళములు నమూనాలో ఒక్క అంగుళము. ఈ ముప్పదియైదను లెక్కయొక్క పుట్టుకయు వింతయైనదే. 1960 దశకపు తొలినాళ్ళలో జపానుదేశపు టామియా సంస్థవారు పాంథర్ అను యుద్ధశకటపు నమూనాను చేయుచు, లోపల బ్యాటరీలును చిన్న మోటారును పట్టునంత పరిమాణమున దానిని నిర్మించిరి. పిదప లెక్కచూడగా అది యసలుదానిలో ముప్పదియైదవ వంతయ్యెను. ఆ లెక్కయే నేడు లోకమంతట వాడుకయైనది.

మావాడి నమూనాలో కొక్కెము మొద్దుగా నుండెను. త్రాడు చుట్టుకొను డ్రమ్ము లారీ వీపున నొక గడ్డవలె నతుకుకొని యుండెను. "తాతయ్యా! ఈ డ్రమ్మును త్రిప్పునదేది? త్రాడు ఎటునుండి యెటు పోవును?" అని వాడు నన్నడిగెను. శ్లోకమునకు అన్వయము చెప్పగల నాకు త్రాటికి అన్వయము చెప్పుట చేతకాలేదు. పాత ఛాయాచిత్రములను వెదకితిమి. లారీని నడపు ఇంజను శక్తినే ఒక యిరుసుద్వారా వెనుకకు మళ్ళించి డ్రమ్మును త్రిప్పుదురని తెలిసినది. నమూనాలో ఆ యిరుసు లేదు. అప్పుడు తాతామనుమలము ఆ మొద్దుభాగములను కోసివేసి, ముడిసరకునుండి సొంతముగా మలచుకొన నిశ్చయించితిమి. ఈ విద్య నెఱిగినవారు దీనిని స్క్రాచ్‌బిల్డింగ్ అందురు.

మా పనిముట్లు సన్నని ఱంపము, ఆకురాయి, పట్టుకారు. సన్నని యిత్తడిగొట్టము డ్రమ్మయ్యెను. దాని రెండుకొనల ప్లాస్టిక్ రేకునుండి కోసిన బిళ్ళలు అతికితిమి. గిలకకు మూడు బిళ్ళలు కావలెను. నడిమి బిళ్ళ చిన్నదైననే త్రాడు కూర్చుండుటకు గాడి యేర్పడును. రాగితీగను మేకుచుట్టు వంచి, ఆకురాయితో కొన సన్నముచేసి కొక్కెము చేసితిమి. అన్నింటికంటె కష్టపెట్టినది త్రాడు. అరంగుళపు ఉక్కుత్రాడు ఈ లెక్కలో మిల్లీమీటరులో మూడవవంతునకు కొంచెము మించును. నూలుదారమునకు నూగు ఎక్కువ. అది నమూనామీద గొఱ్ఱెబొచ్చువలె గనబడెను. మైనము పట్టించినను పోలేదు. తుదకు పాత విద్యుత్తీగను చీల్చి, లోపలి సన్నని రాగిపోగులను పేనగా ఉక్కుత్రాటి రూపము వచ్చెను.

ఊతకాళ్ళు మాత్రము వ్యర్థాలంకారములని నేను తలచితిని. అవి చేయకమునుపే త్రాటి నొక ప్రక్కకు లాగి, కొక్కెమునకు వలకుగట్టు సీసపుగుండు నొకదానిని వ్రేలాడదీసితిని. మా లారీ ప్రక్కకు దొర్లిపడెను. మనుమడు నవ్వెను. బరువు చక్రముల వెలుపల వ్రేలాడినచో చక్రము అంచే ఇరుసై బండి తిరుగబడును. కాలు వెడల్పుగా నూనినచో ఆ యంచు దూరము జరిగి బండి నిలుచును. హోమ్స్ తన మొదటి యమరికలో నేర్చిన పాఠమును, నూఱేండ్లు గడచిన పిదప, నేను నా వ్రాతబల్లమీద నేర్చితిని. పుస్తకమున చదివినప్పుడు "ఊతకాళ్ళు చేర్చెను" అనునది రెండు మాటలు మాత్రమే. అవి యెందుకు చేర్చవలసి వచ్చెనో ఆ సీసపుగుండు చెప్పినది.

ఇక నొక మాట దాచక చెప్పవలసి యున్నది. ఇరువదియైదేండ్ల క్రిందట నా తరగతిలో నొక బాలుడు, నేను సమాసములు చెప్పుచుండగా, బల్లక్రింద జొన్నబెండుతో లారీ చేయుచుండెను. తుమ్మముండ్లే దానికి మేకులు. చక్రములు తిరుగుచుండెను. తలుపు తెఱచుటకును మూయుటకును వీలుగా నుండెను. నేను దానిని లాగికొని, తరగతియెదుట విఱిచివైచి, "ఇది విద్య కాదు" అంటిని. వాడు ఏడువలేదు. ముక్కలు ఏరుకొని జేబులో వేసికొనెను. ఆ తలుపు నెట్లమర్చితివని నేనడుగలేదు. అటుపిమ్మట వాడు నా యెదుట ఏ వస్తువును చేయలేదు. ఆ యేడు ముగియగానే బడి మానివేసెను. కారణము నేనేయని చెప్పజాలను గాని, కాదని చెప్పుటకును నాకు నోరు రాదు.

ఏటిలో బడిన జాన్ వైలీగారికి శిష్యుని చేతిపని అక్కఱకు వచ్చినది. ఆయన కబురంపుటకు శిష్యుడొకడు మిగిలి యుండెను. నేను విఱిచినది జొన్నబెండు లారీ యొక్కటియే కాదని, ఈ చిన్న గిలకను ఆకురాయితో రాయుచున్నప్పుడు నాకు తెలిసినది. చేతితో ఒక వస్తువును పోలికదప్పక చేయువాడు, అది యెట్లు పనిచేయునో, దాని నెవరు, ఏ కష్టమునకు తాళలేక కల్పించిరో విచారింపక తప్పదు. అట్టి విచారమునకే మనవారు విద్యయని పేరిడిరి.

పెద్దలారా! మీ యింటి పిల్లవాడు చింతక్రింద గూర్చుండి తాటికాయలతో బండి చేయుచున్నచో గద్దింపకుడు. ప్రక్కన గూర్చుండి, "ఇది యెట్లు తిరుగునురా?" యని యొక్కమా రడుగుడు. వానికి తెలిసినచో చెప్పును. తెలియనిచో నిద్దఱును గలిసి తెలిసికొనవచ్చును. నేను ఆలస్యముగా నైనను అడుగ నేర్చితిని. మా లారీ యిప్పుడు నా వ్రాతబల్లపై నిఘంటువు ప్రక్కన నిలిచియున్నది. ఊతకాళ్ళు అమర్చితిమి. సీసపుగుండు వ్రేలాడదీసినను పడుట లేదు.