రోషనీకీ ఓ అదబ్ ఉంది: హై బీమ్, లో బీమ్ కథ

బండి ఎడమ హ్యాండిల్ మీద, బొటనవేలికి అందే చోట ఓ చిన్న స్విచ్ ఉంటుంది. ఒక వైపు నొక్కితే హై బీమ్, ఇంకో వైపు నొక్కితే లో బీమ్. లారీవాళ్ల మాటలో అదే డిప్పర్. మా ఖాందాన్‌లో కొత్తగా బండి కొన్న పిల్లలు తరచూ అడిగే సవాల్ ఒకటుంది. "చాచా, రోషనీ ఎంత ఎక్కువుంటే అంత మంచిదే కదా, తగ్గించుకోవడం ఎందుకు?"

ఆ సవాల్‌లోనే ఒక గలత్‌ఫహ్మీ ఉంది. లో బీమ్ అంటే మసక వెలుగు అని చాలామంది అనుకుంటారు. మన బళ్లలో ఎక్కువగా కనబడే హెచ్‌ఎస్1 బల్బు చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద 35/35 వాట్లు అని ఉంటుంది. హైకీ 35, లోకీ 35. వాట్లు తగ్గలేదు, వెలుగు తలొంచుకుంది. వెలుగుని వంచడం మనుషులకి ఎలా తెలిసిందో చెప్పాలంటే చాలా పాత జమానాకి వెళ్లాలి.

హెడ్‌లైటు వెనక మెరిసే గిన్నె ఉంటుంది చూశారా, దాని ఆకారాన్ని లెక్కల్లో పరావలయం అంటారు. దూరం నుంచి తిన్నగా వచ్చే సూర్యకిరణాలు అలాంటి అద్దం మీద పడితే, అన్నీ వచ్చి ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. యూనానీ గణితవేత్త డయోక్లీజ్ క్రీస్తు పూర్వమే దీన్ని రుజువు చేశాడు. ఆయన గ్రీకు కితాబ్ చాలావరకు పోయింది. పూర్తి పాఠం మన దాకా వచ్చింది అరబీ తర్జుమాలోనే.

ఆ ఇల్మ్‌ని అందుకున్నవాళ్లలో పెద్దవాడు ఇబ్నుల్ హైసమ్. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, కైరోలో బతికి, 1040 ప్రాంతంలో పోయాడు. పరావలయ అద్దాల మీద విడిగా ఒక రిసాలా రాశాడు. ఆయన పెద్ద కితాబ్ 'కితాబుల్ మనాజిర్'. చూపు గురించి ఆయన చేసే వాదన ఒక మామూలు అనుభవంతో మొదలవుతుంది. గట్టి వెలుగుని చూస్తే కంటికి తకలీఫ్ అవుతుంది. సూర్యుడు అద్దంలో మెరిసినా అంతే. అలా చూసి చీకటి వైపు తిరిగితే, ఆ వెలుగు ఆకారం కాసేపు కంట్లోనే ఉండిపోతుంది. అంటే వెలుగే బయట నుంచి వచ్చి కంటి మీద పని చేస్తోందని ఆయన దలీల్.

హెడ్‌లైటు చేసినవాళ్లు ఈ కితాబ్ చదివి చేశారని నేననను. కానీ మన స్విచ్‌కి కావాల్సిన రెండు ముక్కలూ ఆయన రాతల్లో ఉన్నాయి. మొదటిది గిన్నె లెక్క. దాన్ని ఉల్టా చేస్తే హెడ్‌లైటు. ఆ బిందువు దగ్గర దీపం పెడితే కిరణాలు తిన్నగా దూరం వెళ్తాయి. రెండోది, ఆ తిన్నటి వెలుగు ఎదుటివాడి కంటికి చేసే తకలీఫ్.

మొదట్లో ఈ తకలీఫ్ ఎవరికీ పట్టలేదు, వెలుగే అంతంత మాత్రం కాబట్టి. తొలి మోటార్‌సైకిళ్లకి కార్బైడ్ దీపాలుండేవి. కార్బైడ్ గడ్డల మీద నీటి చుక్కలు పడితే అసిటిలిన్ గ్యాస్ పుట్టి మండేది. తర్వాత కరెంటు దీపాలొచ్చాయి. 1914లో అమెరికాలోని ఇండియన్ కంపెనీ హెండీ స్పెషల్ అనే బండిని కరెంటు లైట్లతో, కరెంటు స్టార్టర్‌తో తెచ్చింది. బ్యాటరీలు నిలవక అది ఫెయిలైంది గానీ, దారి అదే అయింది.

వెలుగు పెరిగాక గొడవ మొదలైంది. 1915లో అమెరికాలో గైడ్ ల్యాంప్ కంపెనీ కిందికి వంచే కారు లైటు చేసింది. వంచాలంటే బండి ఆపి దిగాలి! 1917లో క్యాడిలాక్ కారు లోపలే మీట పెట్టింది. అసలు హల్ 1920ల మధ్యలో దొరికింది. ఓస్రామ్ కంపెనీ బైలక్స్ బల్బు చేసి, ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు పెట్టింది.

దాని కమాల్ ఇదీ. ఒక ఫిలమెంటు సరిగ్గా ఆ బిందువు దగ్గర ఉంటుంది. అది హై బీమ్. రెండోది కాస్త ముందుకి జరిగి ఉంటుంది, దాని కింద చెంచాలాంటి చిన్న రేకు ఉంటుంది. ఆ రేకు కిందికి పోయే వెలుగుని ఆపేస్తుంది. గిన్నె పైసగం మీద మాత్రమే వెలుగు పడి, అక్కణ్ణుంచి రోడ్డు మీదికి వంగుతుంది. అది లో బీమ్. 1971లో వచ్చిన హెచ్4 హాలోజన్ బల్బూ ఇదే సూత్రం. బల్బు తిరగేసి పెడితే రేకు పైకొచ్చి వెలుగు ఎదుటివాడి మొహం మీదికి పోతుంది. అందుకే దానికి ఒకే తీరుగా కూర్చునే చెవులు పెట్టారు.

ఇక మన సంగతి. 6 వోల్టుల జమానాలో చాలా బళ్లకి హెడ్‌లైటు కరెంటు మాగ్నెట్ కాయిల్ నుంచే వచ్చేది. మా అబ్బా బండి గల్లీలో మెల్లగా పోతుంటే లైటు కొడిగట్టేది, యాక్సిలరేటర్ తిప్పితే తిరిగి వెలిగేది. ఆ లైటుకి హై బీమ్ వేసినా ఎవరికీ నష్టం లేదు. ఎప్పుడూ హైలోనే నడిపే ఆదత్ మనకి అక్కణ్ణుంచే అంటుకుందని నా ఖయాల్. లైట్లు మారాయి, ఆదత్ మారలేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకి హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఆరిపోని ఆ లైటు హైలో ఉందో లోలో ఉందో చూసుకోవడం ఇంకా జరూరీ అయింది.

మన కానూన్ కూడా ఇదే చెబుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, లైటుకి 8 మీటర్ల ముందు, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి అది బైర్లు కమ్మించకూడదు. 1.5 మీటర్లంటే దాదాపు ఎదురుగా బండి మీద వచ్చేవాడి కన్ను. ఆ కన్ను బైర్లు కమ్మితే అంచున నడిచే ముసలాయన, గుంత, లైటు లేని ఎడ్లబండి అతనికి కనబడవు. ప్రాణం పోయేది ఆ రెండు మూడు సెకన్లలోనే.

స్విచ్ లోలో పెట్టినా ఈ లెక్క రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, తెల్లగా ఉంటుందని బజార్లో కొని పెట్టించే ఎల్ఈడీ బల్బు. అందులో వెలుగు పుట్టే చోటు పాత ఫిలమెంటు ఉన్నచోటే లేకపోతే, లో బీమ్ పేరుకే లో. రెండు, మన సవారీ. బీబీని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుంటే వెనక దిగి ముందు లేస్తుంది, దాంతో పాటు లైటూ లేస్తుంది. శాదీల నుంచి రాత్రి ఇంటికొచ్చే బళ్లన్నీ దాదాపు ఇలాంటివే.

దీనికి ఖర్చేమీ లేదు. మగ్రిబ్ తర్వాత బండిని చదును నేల మీద, గోడకి ఏడెనిమిది మీటర్ల దూరంలో నిలపండి. రోజూ ఎక్కేవాళ్లంతా ఎక్కి కూర్చోండి. హెడ్‌లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద సుద్దతో గీత గీయించండి. లో బీమ్ వెలుగు పై అంచు ఆ గీతకి కాస్త దిగువన ఉండాలి. పైకి పోతే హెడ్‌లైటు దగ్గరున్న స్క్రూ తిప్పి దించొచ్చు, లేదా మిస్త్రీ ఐదు నిమిషాల్లో చేసిపెడతాడు. తర్వాత చేయాల్సింది ఒక్కటే. ఎదురుగా వెలుగు కనబడగానే బొటనవేలు కదపాలి, అవతలివాడు కదిపే దాకా ఆగకుండా.