వంతెన దీపాలు, నక్షత్ర ఫలకాలు

శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీది దీపాలను రాత్రివేళ ఛాయాచిత్రం తీయవలెనని ఒక విద్యార్థి పట్టుబట్టగా అతనితో కూడా నేనూ వెళ్ళాను. ముక్కాలి స్టాండుపై కెమెరా నిలిపి, పదిహేను సెకనుల పాటు షట్టరు తెరిచి ఉంచాము. వచ్చిన బొమ్మలో ప్రతి దీపమూ చెదిరి, రెండుగా కనిపించినది. మా తప్పు చిన్నదే. స్టాండును వంతెన మీదనే పెట్టాము. బరువు లారీ ఒకటి పోయినప్పుడు వంతెన అదిరినది. మా పాదాలకు అంతగా తెలియలేదు గాని కెమెరాకు తెలిసినది.

మరునాడు ఒడ్డుకు దిగి గట్టి నేలపై నిలిపి తీశాము. ఈసారి దీపాలు స్పష్టమైన చుక్కలుగా నిలిచాయి. నీరు నూనె పోసినట్లు నునుపుగా పడినది. వంతెనపై పోయిన బండ్లు ఒక్కటీ లేవు. వాటి దీపాలు గీసిన ఎర్రని, తెల్లని గీతలే ఉన్నాయి. "బండ్లన్నీ ఏమైనాయి మాస్టారూ?" అని కుర్రవాడు అడిగాడు. ఈ ప్రశ్న ఛాయాగ్రహణమంత పాతది.

1838లో డాగెర్ అనే ఫ్రెంచివాడు తన కిటికీలోనుండి పారిస్ నగరపు వీధినొకదానిని చిత్రించాడు. జనంతో, గుర్రపు బండ్లతో నిండిన ఆ వీధి చిత్రంలో నిర్మానుష్యంగా ఉన్నది. వెండి పూసిన ఆ రేకుకు వెలుగు చాలవలెనంటే కొన్ని నిమిషాలు పట్టేది. ఒకచోట నిలువని వస్తువు రేకుమీద ఏ బిందువుకూ చాలినంత వెలుగు ఇవ్వలేదు. మూలగా ఒక మనిషి రూపం మాత్రం దక్కినది. అతడు బూట్లకు పాలిష్ పెట్టించుకొంటూ కదలక నిలబడ్డాడు. కదలకుండుట వలన చరిత్రలో చోటు సంపాదించినవారు అరుదు!

1851లో ఆర్చర్ కనిపెట్టిన తడి కొలోడియన్ పద్ధతితో పని త్వరితమైనది గాని చిక్కు మరొకటి వచ్చినది. గాజు పలకకు పూసిన మందు ఆరకముందే చిత్రం తీసి, కడిగి ముగించవలెను. మన ఎండలో అదెంత తొందర పనియో ఊహించుకోవచ్చును. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చిత్రించుటకు మేజర్ టెన్నెంట్ బృందం గుంటూరులో విడిసినప్పుడు వారి చేతిలో ఉన్నవి ఈ తడి పలకలే. సూర్యుడు పూర్తిగా మరుగుపడి ఉండే కాలం ఆరు నిమిషాలకు లోపు. పైగా ఆకాశంలో పలుచని మబ్బు. ఆ కొద్ది నిమిషాలలోనే పలకలను ఒకదాని వెంట ఒకటి వెలుగుకు చూపించారు. మబ్బు తిన్న వెలుగును ఎవరూ తిరిగి ఇవ్వలేరు గదా!

మన ఉత్తర కోస్తాలో కూడ ఆనాడు ఆకాశాన్ని శ్రద్ధగా చూచినవారున్నారు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో వేధశాల నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడినుండి 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటుటను పరిశీలించాడు.

1871లో మాడక్స్ సూచించిన పొడి జెలటిన్ పలక కాలక్రమాన పరిస్థితిని మార్చివేసినది. ఆరిపోవునన్న భయం లేదు. ఎంతసేపైనా తెరిచి ఉంచవచ్చును. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ మృగవ్యాధ నీహారికను సుమారు 50 నిమిషాలసేపు చిత్రించాడు. 1883లో ఇంగ్లండులో కామన్ తీసిన చిత్రంలో, దూరదర్శినిగుండా చూచినా కంటికి అందని నక్షత్రాలు పడ్డాయి. ఇక్కడ ఉన్నది అసలు రహస్యం. మన కన్ను వెలుగును కూడబెట్టదు. క్షణక్షణమూ పాతదానిని విడిచి కొత్తదానిని చూస్తుంది. పలక అయితే చుక్క చుక్కగా నింపుకొనే కుండ వంటిది.

ఆ బలంతోనే 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమంతటినీ పంచుకొని చిత్రించుటకు పూనుకొన్నారు. అందులో తెలుగునాటికి కూడ ఒక భాగం వచ్చినది. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాల, చాట్‌వుడ్, పోకాక్, ఆ తరువాత టి. పి. భాస్కరన్‌ల ఆధ్వర్యంలో, ఖగోళ విషువరేఖకు దక్షిణంగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీని, ఆపైన ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల వరకు గల పట్టీని చిత్రించినది. ఫలితం 12 సంపుటాలు.

ఈ పనిలోని కష్టం మా వంతెన మీది కష్టమే, తలక్రిందుగా. అక్కడ కెమెరా కదిలినది. ఇక్కడ ఆకాశం కదులుతుంది. భూభ్రమణం వలన విషువరేఖ దగ్గరి నక్షత్రం సెకనుకు 15 వికలలు జరుగుతుంది. అందుచేత గడియారపు యంత్రం దూరదర్శినిని నక్షత్రం వెంట త్రిప్పవలెను. యంత్రం తప్పినప్పుడు సరిదిద్దుటకు ఒక మనిషి పక్క దూరదర్శినిలో తీగ మీద ఒక నక్షత్రాన్ని నిలిపి, పలక తెరిచి ఉన్నంతసేపూ కన్ను తీయక చూడవలెను. రాత్రి తరువాత రాత్రి ఇదే పని. అలా కాపలా కాచినవారి పేర్లు మనకు పెద్దగా వినబడవు.

వారి శ్రమ వృథా పోలేదు. ఇరవయ్యో శతాబ్ది చివర హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను కొలిచినప్పుడు, అవి ఏళ్ళ తరబడి ఎంత జరిగాయో తేల్చుటకు పాత కొలతలు కావలసి వచ్చాయి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికకు ఆధారమైన వాటిలో ఈ జగత్ కార్యక్రమపు ఫలకాలు ముఖ్యమైనవి.

ఫిల్ము వాడే విద్యార్థులకు ఒక హెచ్చరిక. కాలం రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. వెలుగు మందమైనప్పుడు ఫిల్ము సోమరితనం చూపుతుందని 1900 ప్రాంతంలో ష్వార్జ్‌షిల్డ్ సూత్రీకరించాడు. నేటి డిజిటల్ కెమెరాకు ఆ జబ్బు లేదు. అయితే ఎక్కువసేపు తెరిచి ఉంచితే వేడివలన లేని చుక్కలు పుడతాయి. మూత బిగించి అంతే కాలం మరొక చిత్రం తీస్తే ఏవి దొంగ చుక్కలో తెలుస్తుంది.

మా కుర్రవాడు ఇప్పుడు వంతెన బొమ్మలో పైనున్న నక్షత్రాల మీద పడ్డాడు. అరనిమిషంలో నక్షత్రం చంద్రబింబపు వెడల్పులో సుమారు నాలుగో వంతు జరగవలెను. తన బొమ్మలోని గీత పొడవును స్కేలుతో కొలిచి, లెక్క సరిపోయినదో లేదో చూస్తున్నాడు.